వంటింటి నూనెకు కొలత: హెబ్బగోడి కుటుంబాలకు, సరిహద్దు పల్లెలకు ఉపయోగపడే వివరాలు

బెంగళూరు నగర జిల్లా ఆనేకల్ తాలూకాలో, హోసూరు రహదారిపై ఉన్న హెబ్బగోడి ఒకప్పుడు పల్లె. పక్కనే బొమ్మసంద్ర పారిశ్రామిక ప్రాంతం విస్తరించిన కొద్దీ అది పట్టణంగా మారింది. తరతరాలుగా ఆ తాలూకాలో ఉన్న తెలుగువారితో పాటు చిత్తూరు, అనంతపురం ప్రాంతాల నుంచి పనికోసం వచ్చిన కుటుంబాలు అక్కడ కాపురముంటున్నాయి. ఊరితో పాటు వంట కూడా మారింది. పొద్దున్నే సంగటి తిని పొలానికి పోయిన కుటుంబాలలోని పిల్లలు నేడు పూరీ, మసాలాదోసె తిని కార్మాగారాలకు వెళుతున్నారు. సాయంత్రం బజ్జీలు, బేకరీ పఫ్‌లు అలవాటయ్యాయి. శారీరక శ్రమ తగ్గగా, నూనె వాడకం పెరిగింది.

ఇదే రహదారి పరిసరాల్లో రెండు సంస్థలు పేరుపొందాయి. బొమ్మసంద్రలో డాక్టర్ దేవిశెట్టి 2000లో స్థాపించిన నారాయణ హృదయాలయ గుండె చికిత్సకు ప్రసిద్ధి. హెబ్బగోడిలో ఆవరణ ఉన్న బయోకాన్ సంస్థ 2004 నుంచి దేశంలో ఇన్సులిన్ విక్రయిస్తోంది. ఆసుపత్రికి, ఇన్సులిన్‌కు ఇంత గిరాకీ ఎందుకన్నది ఆలోచించవలసిన విషయం. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్లకు పైగా ఉన్నారని అంచనా వేసింది. ఈ వ్యాధులకు నూనె ఒక్కటే కారణం కాదు. ఉప్పు, చక్కెర, పొగాకు, వ్యాయామలోపం, వంశపారంపర్యం కూడా కారణాలే. అయితే ఇంటిల్లిపాదీ ఈ రోజే మార్చుకోగలిగినది వంటింటి నూనె కొలత.

ఎంత నూనె చాలు?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించిన ఆహార మార్గదర్శకాలను ప్రకటించింది. రోజుకు 2000 కేలరీల ఆహారం తీసుకునే వ్యక్తికి నూనె, నెయ్యి, ఇతర కొవ్వులు అన్నీ కలిపి 27 గ్రాములు చాలునని అందులో సూచించింది. ఇది ఇంచుమించు ఆరు టీ చెంచాలు. కూరలో పోసినది, దోసెపై వేసినది, ఊరగాయలో తేలినది, అన్నంలో కలిపిన నెయ్యి, బయట తిన్న బజ్జీలోనిది అన్నీ ఈ ఆరు చెంచాలలోనే లెక్కకు వస్తాయి.

పిండి పదార్థం ఒక గ్రాముకు 4 కేలరీలు ఇస్తే, కొవ్వు 9 కేలరీలు ఇస్తుంది. అందువల్ల కంటికి కొద్దిగా కనిపించే నూనె కూడా ఒంటికి ఎక్కువే. నలుగురి కూరకు నాలుగు పెద్ద చెంచాల నూనె పోస్తే, ఆ ఒక్క కూరతోనే ఒక్కొక్కరి రోజువారీ వాటాలో సగం పూర్తవుతుంది.

డబ్బా లెక్క

రోజూ గ్రాములు తూచడం ఎవరికీ సాధ్యం కాదు. నెలకు ఎంత నూనె ఖర్చయిందో చూడటం సులభం. నూనె డబ్బా తెరిచిన రోజున దానిపై తేదీ రాసుకోవాలి. లీటరు నూనె బరువు సుమారు 910 గ్రాములు. నలుగురు పెద్దవారున్న ఇంట్లో 5 లీటర్ల డబ్బా నెలలో అయిపోతే, తలకు రోజుకు 38 గ్రాములు పడుతున్నట్లు. నెయ్యి, బయటి తిండి దీనికి అదనం. మూడున్నర లీటర్లు వాడితే తలకు 27 గ్రాములు వస్తుంది.

ఒక్కసారిగా తగ్గిస్తే ఇంట్లో వారికి రుచించదు. మొదటి నెల నాలుగున్నర, రెండవ నెల నాలుగు, మూడవ నెల మూడున్నర లీటర్లకు తగ్గిస్తే నాలుక అలవాటు పడుతుంది. వంటనూనెను 10 శాతం తగ్గించుకోవాలని ప్రధానమంత్రి 2025 ఫిబ్రవరిలో ఆకాశవాణి ప్రసంగంలో కోరారు. 5 లీటర్లు వాడే ఇంటికి అది అర లీటరు మాత్రమే. ప్యాకెట్లన్నీ ఒకే పరిమాణంలో ఉండవు కనుక, కొనేటప్పుడు నికర బరువు చూడటం మంచిది.

వండే పద్ధతిలో మార్పులు

1. డబ్బా వంచి పోయరాదు. చిన్న గిన్నెలో ఆ రోజుకు కావలసిన నూనె కొలిచి పెట్టుకుని, అందులో నుంచే చెంచాతో తీయాలి.

2. ఎర్రగడ్డలు వేయించేటప్పుడు చిటికెడు ఉప్పు చల్లి మూత పెడితే వాటిలోని నీరే ఊరి అవి మగ్గుతాయి. అడుగంటుతుంటే నూనెకు బదులు కొద్దిగా నీళ్ళు చిలకరించాలి.

3. వంకాయ, దొండకాయ, బెండకాయ వేపుళ్ళకు నూనె ఎక్కువ పడుతుంది. వంకాయ, దొండకాయ ముక్కలను ముందుగా ఆవిరిపై ఉడికించి, తరువాత తాళింపులో కలిపితే రెండు చెంచాలు చాలు.

4. ఆవాలు, జీలకర్ర, కరివేపాకుల వాసన నూనెలో దిగుతుంది. వంట పూర్తయ్యాక ఒక చెంచా నూనెతో తాళింపు వేస్తే, ఆ వాసన పైనే నిలిచి కూర రుచిగా అనిపిస్తుంది.

5. బాగా పదును పెట్టిన ఇనుప పెనాన్ని, నూనెలో అద్దిన సగం ఎర్రగడ్డతో తుడిచి దోసె పోయాలి. దోసెకు ఒక చెంచా చొప్పున పన్నెండు దోసెలకు 60 మిల్లీలీటర్లు పడుతుంది. తుడిచి పోస్తే రెండు చెంచాలతో అన్నీ అవుతాయి.

6. గ్రేవీ చిక్కబడటానికి వేరుశనగ, నువ్వులు, కొబ్బరి వాడేవారు వాటిలోనూ కొవ్వు ఉందని గుర్తుంచుకోవాలి. వేరుశనగ గింజలో దాదాపు సగం నూనే.

సరిహద్దు వంటలు చూపే దారి

తక్కువ నూనెతో వండటం సరిహద్దు పల్లెలకు కొత్త విద్య కాదు. రాగి సంగటిలో నూనె చుక్క కూడా పడదు. ఆకుకూర, పప్పు కలిపి ఉడికించి, వార్చిన నీటితో చారు, మిగిలిన ఆకుతో కూర చేసే బస్సారుకు తాళింపు నూనె మాత్రమే కావాలి. సంక్రాంతి రోజుల్లో అనపగింజలను నానబెట్టి పొట్టు తీసి వండే పితికిపప్పు పులుసు కూడా అంతే. కన్నడిగులు దీనినే హితికిద బేళె అంటారు. నిప్పులపై కాల్చిన వంకాయ పచ్చడి, ఇడ్లీ, ఆవిరి కుడుములు, ఉలవచారు కూడా ఈ కోవలోనివే. వారంలో నాలుగు పూటలు ఈ వంటలు చేసుకుంటే, పండుగ నాటి పూరీలకు కావలసిన నూనె మిగులుతుంది.

వేపుడు, వాడిన నూనె

బజ్జీలు, పూరీలు పూర్తిగా మానవలసిన అవసరం లేదు. నెలకు ఒకటి రెండుసార్లు చేసుకున్నప్పుడు ఈ జాగ్రత్తలు పాటించాలి. నూనె సరిగా కాగకముందు వేస్తే పిండి నూనె పీల్చుకుంటుంది. చిన్న పిండి ముక్క వేయగానే పైకి తేలితే కాగినట్లు. పొగ వచ్చేదాకా కాచరాదు. పూరీ పిండి గట్టిగా కలపాలి. బజ్జీ పిండిలో సోడా ఎక్కువైతే నూనె మరింత పీలుస్తుంది. బాణలి నుంచి తీసిన తరువాత చల్లారేటప్పుడు కూడా పైనున్న నూనె లోపలికి పోతుంది గనుక వెంటనే వడకట్టాలి.

ఒకసారి వేపుడుకు వాడిన నూనెను వడగట్టి, ఒకటి రెండు రోజుల్లో కూర తాళింపులకు వాడి ముగించాలి. మళ్ళీ వేపుడుకు వాడరాదు. నల్లబడిన, నురగ కట్టిన, వాసన మారిన నూనెను పారవేయాలి. దుకాణాలు పదేపదే కాచే నూనెకు భారత ఆహార భద్రత ప్రమాణాల సంస్థ 2018 జూలై నుంచి పరిమితి విధించింది. వనస్పతి వంటి కొవ్వులలోని ట్రాన్స్ కొవ్వును 2022 జనవరి నుంచి 2 శాతానికి పరిమితం చేసింది. అయినా పఫ్‌లో కొవ్వు కొవ్వే.

ఏ నూనె మంచిది?

గానుగ నూనె అయినా, శుద్ధి చేసిన నూనె అయినా గ్రాముకు 9 కేలరీలే. ‘కొలెస్టరాల్ లేనిది’ అన్న ప్రకటన చూసి మోసపోరాదు. విత్తనాల నూనెలలో దేనిలోనూ చెప్పుకోదగిన కొలెస్టరాల్ ఉండదు. గమనించవలసినది సంతృప్త కొవ్వు. కొబ్బరి నూనెలో అది దాదాపు 90 శాతం, నెయ్యిలో 60 శాతానికి పైన, పామాయిల్‌లో సుమారు సగం, వేరుశనగ నూనెలో సుమారు ఐదో వంతు, పొద్దుతిరుగుడు నూనెలో పదో వంతుకు అటూఇటూ ఉంటుంది. హోసూరు వైపు రేషన్ అంగట్లో రాయితీ పామాయిల్ తీసుకునే కుటుంబాలు దానిని ఒక్కదాన్నే వాడక, వేరుశనగ లేక నువ్వుల నూనెతో మార్చి మార్చి వాడటం మేలు.

ఎవరికి మినహాయింపు?

కొవ్వు పూర్తిగా మానడం కూడా తప్పే. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటబట్టడానికి కొంత కొవ్వు అవసరం. రెండేళ్ళలోపు పసిపిల్లల ఆహారంలో నూనె, నెయ్యి తగ్గించరాదు. గర్భిణులు, బాలింతలు, బరువైన పొలం పని చేసేవారు, మందులు వాడే గుండె, మధుమేహ రోగులు డాక్టరును అడిగి తమ కొలత నిర్ణయించుకోవాలి.

మిగిలిన వారందరికీ నెలాఖరున డబ్బాపై తేదీ చూసుకోవడమే తొలి మెట్టు. కిందటి నెల కంటే అర లీటరు తగ్గితే అటు ఇంటి ఖర్చూ, ఇటు గుండె భారమూ తగ్గినట్లే.