ఫతే మైదాన్ పోలీసులు

1687లో గోల్కొండను ముట్టడించిన మొఘలు సైన్యం డేరాలు వేసుకున్న చోటది. కోట చేజిక్కాక దానికి ఫతే మైదాన్ అని పేరు పడింది. నిజాముల కాలంలో అక్కడ పోలో ఆడారు. తర్వాత నగరంలో ఫుట్‌బాల్‌కు ఆ నేలే పెద్ద వేదిక అయింది. అప్పుడు పేరు తెచ్చింది నవాబులు కాదు, హైదరాబాదు సిటీ పోలీసులు.

మా దుగ్గిరాల వైపు పొద్దు వాలితే కబడ్డీ, లేదంటే వాలీబాల్. ఫుట్‌బాల్ అనగానే కలకత్తా అనుకోవడం మనకు అలవాటు. ఆ కలకత్తా జట్లను వణికించిన క్లబ్బు హైదరాబాదులో ఉండేదన్న సంగతి చాలామందికి 2024లో ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చాకే తెలిసింది. అదీ ఆ క్లబ్బు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం కథే తప్ప క్లబ్బు కథ కాదు.

1950లో బొంబాయి రోవర్స్ కప్పు, స్వాతంత్ర్యం వచ్చాక మొదటిసారి జరిగిన డ్యూరాండ్ కప్పు రెండూ పోలీసులే ఎత్తుకొచ్చారు. డ్యూరాండ్ ఫైనల్లో ఓడింది మోహన్ బగాన్. రోవర్స్ కప్పయితే 1954 దాకా వరుసగా ఐదేళ్లు ఇంకెవరికీ దక్కలేదు. రాష్ట్రం మారి జట్టు పేరు ఆంధ్ర పోలీస్ అయ్యాక కూడా 1961లో డ్యూరాండ్ గెలిచారు. ఆటకని విడిగా డబ్బు ముట్టే రోజులు కావవి. ఒంటి మీద ఖాకీ ఉంటే ఇల్లు గడుస్తుంది, బంతి వెంట పరుగెత్తనిస్తారు. అంతే.

రహీం బడిపంతులు. 1909లో పుట్టారు. ఆయన పాఠం చెప్పే తీరు నాకు ఆ కప్పులకన్నా ముచ్చటగా ఉంటుంది. బలహీనమైన కాలితోనే ఆడాలని ఒక టోర్నమెంటు పెట్టేవారు. అసలు డ్రిబ్లింగే చేయకూడదని ఇంకొకటి. కుడికాలి వాటం కుర్రాడు ఎడమకాలితో తడబడుతూ కొన్నాళ్లకు రెండు కాళ్లవాడయ్యేవాడు. బంతిని దగ్గర పెట్టుకునే వీలులేక పక్కవాడు ఎక్కడున్నాడో ముందే చూసుకునేవాడు. ఖర్చు లేని శిక్షణ.

సికింద్రాబాదు శివారు అమ్ముగూడలోని పేదింటి కుర్రాడు తులసీదాస్ బలరాం ప్రాక్టీసుకు రావడానికి డబ్బుల్లేవన్నాడు. అద్దె సైకిలుకని రహీం రోజుకో రూపాయి ఇచ్చారు. ఆ కుర్రాడు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు, మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. మరుసటి ఏడే ఈస్ట్ బెంగాల్‌కు పోయాడు. తర్వాత జరిగిందంతా ఇందులోనే ఉంది: తయారు చేసేది హైదరాబాదు, తీసుకుపోయేది కలకత్తా.

1962లో జకార్తాలో మన జట్టు ఆసియా క్రీడల స్వర్ణం గెలిచేనాటికి రహీంకు క్యాన్సర్. 1963 జూన్‌లో కన్నుమూశారు. రాష్ట్రాల జట్లు తలపడే సంతోష్ ట్రోఫీ 1965-66లో ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. ఆ తర్వాత అది తెలుగు రాష్ట్రాలకు మళ్లీ రాలేదు.

మైదానం దారి మైదానానిది. 1955లో న్యూజిలాండ్‌తో టెస్టులో పాలీ ఉమ్రిగర్ ఇక్కడే 223 కొట్టాడు, టెస్టుల్లో భారతీయుడి తొలి డబుల్ సెంచరీ అది. 1967లో లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. తర్వాత క్రికెట్టూ ఉప్పల్‌కు వెళ్లిపోయింది. ఇప్పుడు ఎల్బీ స్టేడియం అంటే జనానికి ముందు గుర్తొచ్చేవి బహిరంగ సభలు, ముఖ్యమంత్రుల ప్రమాణ స్వీకారాలు.

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అని కొత్త క్లబ్బు పుట్టింది, గచ్చిబౌలి సొంత మైదానంగా. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పు కూడా గెలిచింది. 2025లో దాన్ని మూటగట్టి ఢిల్లీకి తరలించారు. బదిలీల ఉద్యోగం పోలీసులదని మనమనుకుంటాం.