రీలు దొరకని రోజులు

గరివిడి అనగానే ఎవరికైనా ముందుగా స్ఫురించేది మాంగనీసు. హౌరా-మద్రాసు రైలుమార్గం మీద విజయనగరానికీ చీపురుపల్లికీ నడుమనున్న ఈ ఊరికి రూపురేఖలిచ్చినది 1955లో ఏర్పడిన ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషన్ వారి కర్మాగారం. ఇక్కడి ఖనిజం బండ్లకెక్కి దూరదేశాలకు పోయేది. కానీ వెండిలవణం పూసిన చిటికెడంత ఫిలిం చుట్ట, మా నోట 'రీలు', ఇక్కడికి చేరడం మాత్రం అంత సులువుగా ఉండేది కాదు. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడేవరకూ మేము శ్రీకాకుళం జిల్లావాళ్ళమే. రీలు విషయంలో మాత్రం మా జిల్లాకేంద్రం అంతకు ముందునుంచీ విజయనగరమే!

1983 వేసవిలో మా మామ్మను ఫొటో తీయాలని సంకల్పించాను. చిన్నాన్నగారి దగ్గర ఆగ్ఫా క్లిక్ త్రీ కెమేరా ఉండేది. 120 సైజు రీలు వేస్తే పన్నెండు బొమ్మలు వచ్చేవి. రీలు కోసం పాసింజరు బండిలో విజయనగరం వెళ్ళి మూడు దుకాణాలు తిరిగితే, ఒకచోట లేదన్నారు, ఒకచోట ఉన్నా పెళ్ళిళ్ళవారికని దాచుకున్నారు, మూడోచోట నేననుకున్నదానికన్నా ఎక్కువ ధర చెప్పారు. "స్టాకు రావట్లేదు బాబూ, మేమేం చేస్తాం?" అన్నాడు దుకాణదారు. ఆ మాటలో నిజమెంతో అప్పుడు తెలియలేదు. తరువాత చదివితే, చాలావరకు నిజమేనని తేలింది.

1956-58 నాటి విదేశీ మారకద్రవ్య సంక్షోభం తరువాత దిగుమతుల మీద కట్టుబాట్లు బిగిశాయి. సినిమా ముడి ఫిలిముకే కోటాలూ నిరీక్షణలూ తప్పనప్పుడు, మనబోటి ఇంటి కెమేరాలవాళ్ళ గోడు పట్టించుకునేదెవరు? ఆ కొరత తీర్చడానికే 1960లో ప్రభుత్వరంగంలో హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ సంస్థ పుట్టింది. ఫిలిం తయారీకి దుమ్ములేని గాలి, స్వచ్ఛమైన నీరు, చల్లదనం ముఖ్యం. అందుకని నీలగిరులలోని ఉదకమండలాన్ని ఎంచుకుని, ఫ్రాన్సుకు చెందిన బోషే సంస్థ సాంకేతిక సహకారంతో 1967లో ఉత్పత్తి మొదలుపెట్టారు. 'ఇందు' అనే ముద్దుపేరుతో వచ్చిన నలుపు-తెలుపు రీళ్ళు అక్కడివే. మరోవైపు తూర్పు జర్మనీలోని వోల్ఫెన్ పట్టణం నుంచి ఆర్వో ఫిలిం వచ్చేది. ఆ దేశంతో మన వర్తకం రూపాయలలోనే సాగడంవల్ల, డాలర్లు లేకపోయినా ఆ సరుకు తెప్పించుకోగలిగాము. ఒక రీలు మన ఊరి కొట్లో ఉండడం, లేకపోవడం వెనుక ఇంతటి రాజకీయార్థశాస్త్రం ఉన్నదన్నమాట!

ధరకు మరో కారణం వెండి. ఫిలిం మీది పూతకు ప్రాణం వెండిలవణమే. 1979 మొదట్లో ఔన్సు ఆరు డాలర్ల దరిదాపులలో ఉన్న వెండి, అమెరికాలో హంట్ సోదరులు పోగుచేయడంతో 1980 జనవరికల్లా యాభై డాలర్ల అంచు తాకి, మార్చిలో కుప్పకూలింది. ఆ పోటు తగిలి ప్రపంచమంతటా ఫిలిం ధరలు పెరిగాయి.

ఇక చిల్లర అంగళ్ళ సంగతి. అప్పట్లో చాలా సరుకుల పెట్టెల మీద వేసిన ధరకు 'స్థానిక పన్నులు అదనం' అనే తోక ఉండేది. ఆ అదనం ఎంతో దుకాణదారే చెప్పాలి. అన్ని పన్నులూ కలుపుకున్న గరిష్ఠ చిల్లరధర అచ్చువేయాలన్న నిబంధన 1990లో గానీ రాలేదు. పైగా మా ప్రాంతపు గిరాకీని పంచాంగం నడిపేది. మాఘ ఫాల్గుణాల్లో ముహూర్తాలుంటే స్టూడియోలవాళ్ళు ఉన్న రీళ్ళన్నీ ఎత్తుకుపోయేవారు. ఆషాఢంలో మిగిలినవి అద్దాల బీరువాలో ఎండకీ ఉక్కకీ మగ్గేవి. ఫిలిమనేది పెరుగువంటి సరుకు, వేడికి చెడిపోతుంది. కోస్తా ఉక్కలో శీతలపెట్టె లేని దుకాణం నుంచి కొన్న రీలు, గడువు తేదీ ఏదైనా, లోపల ఎప్పుడు ముసలిదయ్యిందో తెలియదు.

నేను కొన్నది అటువంటిదే. ఏ దుకాణమో ఇప్పుడు చెప్పి ప్రయోజనం లేదు. తేదీ దాటిందని ఇంటికొచ్చాక చూసుకున్నాను. అయినా తీశాను. మామ్మ నేతచీర కట్టుకుని, అరుగు మీద స్తంభానికి చేరబడి, "ఇంకా ఎంతసేపురా?" అంటూ కూర్చుంది. కడిగించాక పదకొండు బొమ్మలు పొగమంచే. పన్నెండోదానిలో స్తంభమూ, చీరకొంగూ, ఒక చెయ్యీ ఉన్నాయి. మరొక రీలు కొనేలోగా, ఆ మరుసటి ఏడు, ఆమె వెళ్ళిపోయింది.

1991 తరువాత తలుపులు తెరుచుకున్నాయి. కొడాక్, ఫ్యూజీ, కోనికా రంగు రీళ్ళు చిన్న ఊళ్ళ కొట్లలోనూ వేలాడాయి. ఆ వెల్లువలో ఉదకమండలం కర్మాగారం నిలవలేక 1990ల నడుమనే ఖాయిలా పడింది. 2016లో పూర్తిగా మూతపడింది. అప్పటికే డిజిటల్ గాలి మొత్తం పరిశ్రమనే ఊడ్చేసింది: 2006లో కోనికా తప్పుకుంది, 2012 జనవరిలో కొడాక్ దివాలా రక్షణ కోరింది. నేడు ఫిలిం మీద మోజు మళ్ళీ పుట్టినా, తయారుచేసే కర్మాగారాలు కొన్నే మిగిలాయి కనుక ధరలు తిరిగి కొండెక్కాయి. కొరత పాతదే, కొనేవాళ్ళే కొత్తవాళ్ళు.

చదువరులకు ఒక్క మనవి. మీ ఇళ్ళలో ఇనప్పెట్టెల అడుగున పాత నెగెటివులుంటే ఒకసారి తీసి వాసన చూడండి. పుల్లని వెనిగర్ వాసన వేస్తే, ఎసిటేట్ ఫిలిం కరిగిపోవడం మొదలైందని అర్థం. ఉక్క ఉన్నచోట అది మరీ తొందరగా సాగుతుంది, పక్కనున్నవాటికీ అంటుకుంటుంది. వాటిని విడదీసి, పొడిగా చల్లగా ఉన్నచోట పెట్టి, వీలైనంత త్వరగా స్కాన్ చేయించండి. నా దగ్గరున్న ఆ పన్నెండో నెగెటివును నేను నిరుడే చేయించాను. చెయ్యి స్పష్టంగానే వచ్చింది, గాజులతో సహా.