గ్రెప్

గ్రెప్ అనేది యునిక్స్, లినక్సు వంటి నిర్వాహక వ్యవస్థలలో ఒక దస్త్రం (ఫైలు) లోపల కావలసిన పాఠ్యాన్ని వెతికిపెట్టే ఉపకరణం. వెతకవలసిన పదాన్ని, దస్త్రం పేరును ఇచ్చినచో ఇది దస్త్రాన్ని పంక్తి తరువాత పంక్తిగా చదివి, ఆ పదమున్న పంక్తులను తెరపై చూపుతుంది. దీనిని నేరుగా ఆదేశముగా వాడవచ్చును; స్క్రిప్టులో, అనగా వరుసగా అమలు జరుగవలసిన ఆదేశములను వ్రాసి దాచుకొన్న దస్త్రంలో, ఒక భాగముగానూ వాడవచ్చును.

చరిత్ర

గ్రెప్‌ను అమెరికాలోని బెల్ ల్యాబ్స్ లో కెన్ థాంప్సన్ రచించాడు. ఇది 1973లో వెలువడిన యునిక్స్ నాలుగవ కూర్పులో చేరింది. అక్కడి పరిశోధకుడు లీ మెక్‌మహాన్ 'ఫెడరలిస్ట్' వ్యాసాలలో ఏది ఎవరి రచనయో పద ప్రయోగాన్ని బట్టి తేల్చే ప్రయత్నంలో ఉన్నాడు. అప్పటి 'ఇడి' అనే పాఠ్య సవరణ ఉపకరణానికి అంత పెద్ద పాఠ్యం జ్ఞాపకశక్తిలో పట్టలేదు. అందువలన ఇడి లోని వెతుకులాట భాగాన్ని థాంప్సన్ విడదీసి, ప్రత్యేక ఉపకరణంగా చేశాడు. ఇడిలో "దస్త్రమంతటా ఈ నమూనా ఉన్న పంక్తులను ముద్రించుము" అనుటకు జి/ఆర్‌ఇ/పి అని వ్రాసేవారు. ఆ అక్షరాల కలయికే గ్రెప్ అను పేరు.

తరువాత ఆల్‌ఫ్రెడ్ ఆహో ఇగ్రెప్, ఎఫ్‌గ్రెప్ అను రూపాలను రచించాడు. లినక్సులో సాధారణంగా కనిపించేది గ్నూ సంస్థ వారి గ్రెప్. ఇందులో ఆ రెండు పేర్లకు బదులుగా గ్రెప్‌కే పెద్దక్షరాలలో -ఇ, -ఎఫ్ అను ఐచ్ఛికాలను చేర్చి వాడవలెనని 2022 నుండి హెచ్చరిక కనిపిస్తుంది.

వాడుక

'కవులు' అనే దస్త్రంలో పోతన పేరు వెతుకుటకు ఆదేశం ఇట్లుండును (గ్రెప్ అను మాటను, ఐచ్ఛికాలను ఇంగ్లీషు అక్షరాలలో టైపు చేయాలి):

గ్రెప్ 'పోతన' కవులు

ముఖ్యమైన ఐచ్ఛికాలు (ఇవన్నీ చిన్నక్షరాలే):
* -ఎన్ : పంక్తి సంఖ్యను కూడా చూపును.
* -సి : పదమున్న పంక్తుల సంఖ్యను మాత్రమే చూపును. ఒక పంక్తిలో పదం రెండుసార్లు ఉన్నా ఒకటిగానే లెక్కించును.
* -వి : పదం లేని పంక్తులను చూపును.
* -ఆర్ : సంచయం (ఫోల్డరు) లోని అన్ని దస్త్రాలలో వెతుకును.
* -ఐ : ఇంగ్లీషు పెద్ద, చిన్న అక్షరాల భేదం పాటించదు. తెలుగు లిపిలో ఆ భేదం లేదు గనుక తెలుగు పదాలకు దీని అవసరం లేదు.

నమూనాలు

గ్రెప్‌కు పదాన్నే కాక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అనే నమూనాను కూడా ఇవ్వవచ్చును. '^' పంక్తి మొదలును, '$' పంక్తి చివరను, చుక్క (.) ఏదైనా ఒక సంకేతాన్ని సూచించును. '^శ్రీ' అనగా శ్రీ తో మొదలయ్యే పంక్తులు. చుక్కకు ఇట్టి ప్రత్యేకార్థం ఉన్నందున '3.14' అని వెతికినచో '3714' కూడా దొరుకును. ఉన్నదున్నట్లు వెతకవలెనంటే పెద్దక్షరంలో -ఎఫ్ వాడాలి.

స్క్రిప్టులో గ్రెప్

గ్రెప్ పని ముగించునపుడు ఒక నిష్క్రమణ సంఖ్యను తిరిగి ఇచ్చును. పదం దొరికినచో 0, దొరకనిచో 1, దస్త్రం తెరవలేకపోవుట వంటి దోషం కలిగినచో 2. స్క్రిప్టు ఈ సంఖ్యను బట్టి తరువాతి పనిని నిర్ణయించును. తెరపై ఏమీ చూపనవసరం లేనపుడు -క్యూ ఐచ్ఛికం చేర్చెదరు.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఒకటున్నది. "దొరికినచో ఇది, లేనిచో అది" అని రెండే శాఖలు వ్రాసినచో 1, 2 రెండూ ఒకే శాఖలోకి పోవును. పరీక్షకు అర్హులైన విద్యార్థుల జాబితాను వెతికే స్క్రిప్టు అనుకొందాము. జాబితా దస్త్రం పేరు తప్పుగా ఉన్నచో, ప్రతి విద్యార్థికీ "పేరు లేదు" అనే సమాధానమే వచ్చును. కావున మూడు ఫలితాలకు మూడు శాఖలు వ్రాయుట మంచిది.

తెలుగు పాఠ్యంలో వెతుకుట

గ్రెప్ చూచేది కంటికి కనబడే అక్షరాన్ని కాదు, దాని వెనుకనున్న యూనికోడు సంకేతాలను. యూనికోడులో గుణింతపు గుర్తులకు వేరే సంకేతాలున్నవి. 'తెలుగు' అను మాటలో మనకు మూడు అక్షరాలే కనిపించినను, అందులో ఆరు సంకేతాలున్నవి. యుటిఎఫ్-8 పద్ధతిలో అవి 18 బైట్లు. అందువలన 'కల' అని వెతికినచో 'సకల'మే గాక 'కలిమి', 'కల్లోలం' కూడా దొరుకును. 'ర.మ' అను నమూనాకు రామ, రోమ సరిపోవును గాని రమ సరిపోదు. 'రాముడు' అని వెతికినచో 'రామునికి' దొరకదు. విభక్తులతో మారే మాటలకు 'రాము' వంటి మారని భాగాన్ని ఇవ్వాలి.

ఉన్న మాట దొరకకపోవుటకు ముఖ్య కారణాలు:
* 'సాఫ్ట్‌వేర్' వంటి మాటలలో పొల్లు తరువాత కంటికి కనబడని విడదీత సంకేతం ఒకరు పెట్టెదరు, మరొకరు పెట్టరు. గ్రెప్‌కు అవి రెండు వేరు మాటలు.
* అను వంటి పాత ముద్రణ ఫాంట్లతో చేసిన దస్త్రాలలో తెలుగు యూనికోడు సంకేతాలే ఉండవు.
* దస్త్రం యుటిఎఫ్-16 పద్ధతిలో ఉన్నచో యుటిఎఫ్-8 లో ఇచ్చిన పదం దొరకదు. ముందుగా 'ఐకాన్వ్' ఆదేశంతో మార్చుకోవాలి.
* పుటల చిత్రాలలోనూ, కుదించి దాచే వర్డ్ (డాక్ఎక్స్) దస్త్రాలలోనూ గ్రెప్ నేరుగా వెతకలేదు.

కనుక "దొరకలేదు" అనుటకు "లేదు" అని అర్థం కాదు. ఇచ్చిన సంకేతాల వరుస ఆ దస్త్రంలో కనబడలేదని మాత్రమే అర్థం. ఫలితాన్ని నమ్ముటకు ముందు, ఆ దస్త్రంలో తప్పక ఉన్నదని తెలిసిన మరొక తెలుగు మాటను వెతికి చూడవలెను. అదీ దొరకనిచో లోపం దస్త్రపు రూపంలోనో, వెతికే పద్ధతిలోనో ఉన్నదన్నమాట.

ఇతర వ్యవస్థలలో

విండోస్‌లో ఇదే పనికి 'ఫైండ్‌స్ట్ర్' ఆదేశం, పవర్‌షెల్‌లో 'సెలెక్ట్-స్ట్రింగ్' ఉన్నవి.

ఇవి కూడా చూడండి
* యునిక్స్
* లినక్సు
* యూనికోడు