పట్టా తప్పించు యంత్రము



గోదావరిఖని గనిలో నేను పనిచేసిన కాలమున బొగ్గుటబ్బు పట్టా తప్పినచో పని యాగెడిది, ప్రాణమునకును ముప్పే. మా మనుమని గేరు సైకిలునకు వెనుకనుండు డిరైలరు మాత్రము గొలుసును పట్టా తప్పించుటకే పుట్టినది. ఆ ఫ్రెంచి మాటకు అర్థ మదియే. మొన్న అది విరుగగా, క్రొత్తది కొనబోయి దాని చరిత్ర తెలిసికొంటిని.

టూర్ ద ఫ్రాన్స్ పందెమున ఎల్లరకును దీనిని వాడ ననుమతి లభించినది 1937లో. నాడు మీటను చేతి అలవాటుతో జరుపుకొనువారు గనుక ఏ మీటకు ఏ డిరైలరైనను ఇంచుమించు సరిపోయెడిది. 1984లో జపాను దేశపు షిమానో సంస్థవారు మీట ఒక్కసారి టిక్కుమన్నచో ఒక్క గేరు మారునట్లు చేసిరి. అందుచేత నేడు మీట లాగు తీగకొలత డిరైలరునకు కుదురవలెను.

ఇంకొక లెక్క కలదు. మావాని సైకిలు ముందుచక్రములలో పెద్దదానికి 42 పండ్లు, చిన్నదానికి 22. వెనుక 34, 11. తేడాలు 20, 23, మొత్తము 43. అన్ని పండ్ల వదులును ఈడ్చుకొను పొడవుచేయి గల డిరైలరు కావలెను. పొట్టిదైనచో చిన్నచక్రములపై గొలుసు వ్రేలాడును; గొలుసును కురుచ చేసినచో పెద్దచక్రములపై బిగిసి డిరైలరే విరుగును. మావానికి జరిగినది ఇదియే.

గనిలో లాగుడు తాడును బరువు చూచి ఎంచుదురుగాని ధర చూచి కాదు. పిల్లవాడెక్కు బండికిని అదియే ధర్మము.