కుంటుకుంటూ వచ్చిన కాందిశీకుడు

హెర్క్యూల్ ప్వారో అనగానే మనకు గుర్తొచ్చేవి మెలేసిన మీసాలు, కోడిగుడ్డులాంటి తల, తన మెదడు గురించి తానే కొట్టుకునే డబ్బా. కానీ మొట్టమొదటి నవలలో అతను కనిపించినప్పుడు బాగా కుంటుతూ ఉంటాడు. ఈ సంగతి చాలామందికి గుర్తుండదు. ఇంజనీరింగ్ రోజుల్లో చదివినప్పుడు నేను కూడా ఆ వాక్యం దాటేసి వెళ్లిపోయాను. హంతకుడెవరో తెలుసుకునే తొందరలో ఉన్నవాడికి డిటెక్టివ్ కాలి సంగతి ఎందుకు?

ఈ మధ్య మళ్లీ చదువుతూ సరిగ్గా అక్కడే ఆగిపోయాను.

ఆ నవల ‘ది మిస్టీరియస్ అఫైర్ ఎట్ స్టైల్స్’. 1920లో అమెరికాలో, మరుసటి ఏడాది ఇంగ్లండ్‌లో అచ్చయింది. కథాకాలం మొదటి ప్రపంచయుద్ధం. గాయపడి సెలవు మీద వచ్చిన హేస్టింగ్స్ అనే సైనికుడు పల్లెటూళ్లో స్నేహితుడింటికి వెళ్తాడు. అక్కడి పోస్టాఫీసు దగ్గర పాత పరిచయస్తుడొకడు ఎదురుపడతాడు. ఒకప్పుడు బెల్జియం పోలీసుశాఖలో పేరుమోసిన డిటెక్టివ్. ఇప్పుడు తోటి బెల్జియన్లతో కలిసి ఒక చిన్న ఇంట్లో తలదాచుకుంటున్నాడు. ఆ నీడ కల్పించింది ఊరి ధనికురాలు మిసెస్ ఇంగిల్‌థార్ప్. కొద్దిరోజులకే ఆమె విషప్రయోగంతో చనిపోతుంది.

ఇక్కడ ప్వారో చేతిలో బ్యాడ్జీ లేదు, అధికారం లేదు. సొంతదేశంలో పెద్ద ఆఫీసరు, ఈ ఊళ్లో మాత్రం ఎవరో ఒక పొట్టి పరదేశి. వృత్తిరీత్యా ఎంత ఘనుడైనా సరిహద్దు దాటేసరికి అమెచ్యూర్ అయిపోయాడు. అనుభవానికి వీసా దొరకదన్న సంగతి మన తరానికి విడమరిచి చెప్పక్కర్లేదు కదా.

అతను ఎక్కడినుంచి ఊడిపడ్డాడన్నదానికి జవాబు చరిత్రలోనే ఉంది. 1914 ఆగస్టు 4న జర్మనీ బెల్జియం మీద దండెత్తింది. యుద్ధకాలంలో దాదాపు రెండున్నర లక్షల మంది బెల్జియన్లు బ్రిటన్ చేరారు. అక్టోబర్‌లో ఒక్కరోజే ఫోక్‌స్టన్ రేవులో 16,000 మంది దిగారు. మొదట్లో జనం వాళ్లను చేతులు చాచి ఆహ్వానించారు. ఇళ్లిచ్చారు, విరాళాలు పోగుచేశారు. అగాథా క్రిస్టీ సొంతూరు టార్కీకి కూడా కొంతమంది వచ్చారు. ఆమె అప్పుడు అక్కడి ఆసుపత్రిలో నర్సుగా చేసి, ఆ తర్వాత మందులిచ్చే విభాగంలోకి మారింది. మన విషముష్టి గింజల్లో ఉండే స్ట్రిక్నిన్ ఎలా పనిచేస్తుందో నేర్చుకున్నది ఆ పనిలోనే. 1916లో రాసిన ఈ మొదటి నవలకు ఆ చదువే ఆధారం. మందుల శాస్త్రం తప్పుల్లేకుండా రాసిందని ఒక ఫార్మసీ పత్రిక మెచ్చుకుంది కూడా.

అయితే 1916 నాటికి ఆతిథ్యం చల్లబడింది. తిండి దగ్గర, ఇళ్ల దగ్గర, ఉద్యోగాల దగ్గర గొణుగుడు మొదలైంది. క్రిస్టీ తన ఆత్మకథలో దీన్ని దాచిపెట్టకుండా రాసింది. చేసిన మేలుకు కాందిశీకులు తగినంత కృతజ్ఞత చూపించడం లేదని ఊరివాళ్లు నొచ్చుకున్నారట. దిక్కుతోచక పరాయిదేశంలో పడివున్న మనుషుల స్థితిని మాత్రం ఎవరూ సరిగ్గా అర్థం చేసుకోలేదట. తన డిటెక్టివ్ బెల్జియన్ అయితే బావుంటుందన్న ఆలోచన ఆమెకు ఈ జ్ఞాపకంలోంచే వచ్చింది.

ఇది తెలిశాక నవల ఎత్తుగడ వేరుగా కనిపిస్తుంది. హత్యకు గురైంది ఎవరు? ఆశ్రయమిచ్చిన మనిషి. పరిశోధించేది ఎవరు? ఆమె ఉప్పు తిన్న కాందిశీకుడు. తన దేశస్థులను ఆదుకున్న తల్లి రుణం తీర్చుకోవాలని అతనే చెబుతాడు. ఊరివాళ్లు కోరిన కృతజ్ఞత వేరు. అది తలవంచుకుని పెట్టింది తిని ఊరుకునే రకం. ప్వారో ఆ ఇంటి గదులు, బీరువాలు, కాఫీకప్పులు, వీలునామాలు అన్నీ తిరగేసి, పెద్దింటి మర్యాద వెనకున్న కుళ్లంతా బయటికి లాగి తన రుణం తీరుస్తాడు.

పరాయివాడు కావడమే అతని పనిముట్టు. ‘త్రీ యాక్ట్ ట్రాజెడీ’లో అతను ఆ కిటుకు చెప్పేస్తాడు. ఇంగ్లీషు చక్కగా మాట్లాడగలిగినా కావాలనే వచ్చీరానట్టు మాట్లాడతాడట. అప్పుడు ఇంగ్లీషువాళ్లు చులకనగా చూసి జాగ్రత్త మానేస్తారు. ఆఫీసు కాల్స్‌లో నా యాస విని అవతలివాళ్లు మాటల వేగం తగ్గించి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పడం నాకు అలవాటే. దాన్ని అవమానంగా మింగడమే నాకు తెలుసు. అదే అవమానాన్ని ప్వారో పెట్టుబడిగా వాడుకున్నాడు.

మన కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్‌కు ఈ అవసరం రాలేదు. ఊరు తనది, భాష తనది.

మరి ఆ రెండున్నర లక్షల మంది ఏమయ్యారు? ఉత్తర ఇంగ్లండ్‌లోని బర్ట్‌లీ దగ్గర ఫిరంగి గుండ్ల కర్మాగారం కోసం ఎలిజబెత్‌విల్ అని ఏకంగా ఒక బెల్జియన్ ఊరే కట్టారు. చుట్టూ కంచె, లోపల బెల్జియన్ చట్టం, బెల్జియన్ పోలీసులు. దాదాపు 6,000 మంది అక్కడ బతికారు. యుద్ధం ముగియగానే ప్రభుత్వం కాందిశీకుల చేతిలో ఉచితంగా ఒకవైపు టికెట్ పెట్టింది. ఏడాది తిరిగేసరికి నూటికి తొంభై మందికి పైగా వెళ్లిపోయారు. బ్రిటన్ వాళ్లను దాదాపు మరిచిపోయింది.

వెళ్లకుండా ఉండిపోయి అందరి నోళ్లలో నానినవాడు ఒక్కడే. అతను కూడా కల్పితం.

అతన్ని గుర్తుపెట్టుకోవడంలో కూడా కొంత మరపు ఉంది. తర్వాతి పుస్తకాల్లో ఆ కుంటు ఊసు పెద్దగా రాదు. ఇరుకింట్లో సర్దుకున్న కాందిశీకుడు లండన్‌లో ఖరీదైన ఫ్లాటుకు మారతాడు, రైళ్లలో, ఓడల్లో దర్జాగా తిరుగుతాడు. యుద్ధాన్ని పక్కకు జరిపితే కథ తేలికపడుతుంది. టీ తాగుతూ చదువుకునే ‘కోజీ’ మిస్టరీకి ఆ తేలికదనం కావాలి. నేను అలాంటివి ఇష్టంగా చదువుతాను, ఇకముందూ చదువుతాను. కాకపోతే ఆ హాయి కింద ఎవరి అడుగులు వినబడకుండా పోయాయో ఇప్పుడు తెలుసు.

చివరి నవల ‘కర్టెన్’లో క్రిస్టీ అతన్ని మళ్లీ స్టైల్స్‌కే తీసుకొచ్చింది. ఆ పెద్దిల్లు ఇప్పుడు డబ్బు తీసుకుని గదులిచ్చే వసతిగృహం. ప్వారో చక్రాల కుర్చీలో కనిపిస్తాడు, అక్కడే కన్నుమూస్తాడు. 1975 ఆగస్టు 6న న్యూయార్క్ టైమ్స్ మొదటిపేజీలో అతని మరణవార్త వేసింది. పాఠకులు సొంతమనిషి పోయినట్టు బాధపడ్డారు.

1914లో ఓడ దిగినవాళ్లలో ఏ ఒక్కరికీ అంత పెద్ద వీడ్కోలు దక్కలేదు.