గోదావరి మొగలో ‘శాక్రమెంటో’ నౌకాభంగం (1867): మానవ తప్పిదం – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:
నౌకా ప్రమాదాల చరిత్రలో లేకుండాపోయిన ఒక్క పరికరం మీదనో, ఒక్క వ్యక్తి మీదనో నింద మోపడం తరచుగా కనిపిస్తుంది. 1912 ఏప్రిల్ 14 రాత్రి మంచుకొండను ఢీకొన్న టైటానిక్ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. కాపలా గూటిలో బైనాక్యులర్లు లేవు. అవి ఉంటే కాస్త ముందుగా చూసేవారమని కాపలాదారు ఫ్రెడరిక్ ఫ్లీట్ విచారణలో చెప్పాడు. ప్రయాణానికి ముందే నౌక దిగిపోయిన అధికారి డేవిడ్ బ్లెయిర్ వద్ద తాళంచెవి ఉండిపోయిందన్న కథ నేటికీ ప్రచారంలో ఉంది. బ్రిటిష్ విచారణ నివేదిక మాత్రం మితిమీరిన వేగాన్నే ప్రధాన కారణంగా తేల్చింది. ఈ నేపథ్యంలో, అంతకు 45 ఏళ్ల ముందు తెలుగు తీరంలో జరిగిన నౌకాభంగాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

సంఘటన:
‘శాక్రమెంటో’ ఆవిరియంత్రం, తెరచాపలు రెండూ గల అమెరికా యుద్ధనౌక. కెప్టెన్ నెపోలియన్ కాలిన్స్ నాయకత్వంలో మద్రాసు మీదుగా కలకత్తాకు సాగుతూ, 1867 జూన్ 19న గోదావరి సాగరసంగమం వద్ద మెరక తగిలి ధ్వంసమైంది. నౌక దక్కలేదు. అందులోనివారంతా ప్రాణాలతో బయటపడ్డారు. సైనిక న్యాయస్థానం విచారణ జరిపి కాలిన్స్‌ను విధుల నుంచి తొలగించి ఉంచింది. 1869లో ఆయన తిరిగి విధుల్లో చేరాడు.

విశ్లేషణ:
నౌకకు బాధ్యుడు కెప్టెనే కనుక శిక్షలో అసహజత లేదు. అయితే ఆ తీర స్వభావాన్ని కూడా గమనించాలి. విశాఖ వద్ద కొండలు దూరం నుంచే నావికునికి ఆనవాళ్లవుతాయి. గోదావరి డెల్టా తీరం పల్లం. నేల కంటపడేసరికే నౌక లోతులేని నీటిలో ఉండవచ్చు. పైగా ఏటా వరద తెచ్చే ఒండ్రు, ఇసుక మేటలు వేసి, మెరకల హద్దులను మారుస్తాయి. ఇటువంటి చోట చూపు కంటే సీసపుగుండు కట్టిన తాడుతో లోతు కొలవడమే ఆనాటి నావికులకు ఎక్కువ భద్రత.

ఈ మేటలను స్థానికులు ‘తిప్ప’లంటారు. బలుసుతిప్ప, మగసానితిప్ప వంటి ఊరిపేర్లలో ఆ ఎరుక నిలిచి ఉంది. నౌకాపటాల్లో మాత్రం ఆ మెరకకు మునిగిన ఓడ పేరే స్థిరపడింది. అక్కడి దీపస్తంభానికీ ‘శాక్రమెంటో’ అన్నదే పేరు.

ముగింపు:
టైటానిక్ విషయంలో బైనాక్యులర్ల కథ వేగాన్ని మరుగుపరచినట్లే, శాక్రమెంటో విషయంలో కెప్టెన్ నేరం ఒక్కటే చూస్తే తీరపు స్వభావం మరుగున పడుతుంది. మానవ తప్పిదాన్ని నిర్ణయించేటప్పుడు, ఆ మనిషికి అందుబాటులో ఉన్న సమాచారాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. తీరవాసుల స్థలనామాలను నౌకాయాన చరిత్రకు ఆధారాలుగా పరిశీలించవలసిన అవసరాన్ని ఈ సంఘటన సూచిస్తున్నది.