ఒడంబడికకు కాపలా ఎవరు?

నేను రాజనీతిశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాను. బడిలో తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి. అందుచేత మాటతోనే మొదలుపెడతాను. ‘ఫెడరల్’ అనే మాటకు మూలమైన లాటిన్ పదానికి ఒడంబడిక అని అర్థం. మనం దానికి ‘సమాఖ్య’ అన్నాం. సంస్కృతంలో సమాఖ్య అంటే పేరు, ప్రసిద్ధి. ఒడంబడిక అనే అసలు సంగతి అనువాదంలో జారిపోయింది. దీన్ని నిఘంటువుల వ్యవహారం అనుకొని ఊరుకోవచ్చు గాని, తెలుగువాళ్ల రాజకీయ చరిత్రను తిరగేస్తే జారిపోయినది మాటలోనే కాదనిపిస్తుంది.

మన రాజ్యాంగం మొదటి అధికరణంలో భారతదేశాన్ని ‘రాష్ట్రాల యూనియన్’ అన్నది. 1948 నవంబరు 4న ముసాయిదాను రాజ్యాంగసభ ముందు పెడుతూ అంబేద్కర్ అందుకు కారణాన్ని దాపరికం లేకుండా చెప్పారు: ఈ సమాఖ్య రాష్ట్రాలు తమలో తాము కుదుర్చుకున్న ఒప్పందం వల్ల పుట్టలేదు, కనుక విడిపోయే హక్కు ఏ రాష్ట్రానికీ లేదు. ఇక మూడవ అధికరణం ప్రకారం పార్లమెంటు మామూలు మెజారిటీతో ఏ రాష్ట్రపు హద్దునైనా మార్చవచ్చు, చీల్చవచ్చు, కలపవచ్చు. ఆ రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి. వినాలని మాత్రం లేదు. అమెరికా రాజ్యాంగంలో ఒక రాష్ట్రం అనుమతి లేకుండా దాని భూభాగంలోంచి కొత్త రాష్ట్రాన్ని చెక్కడానికి వీల్లేదు. సెనేట్‌లో దానికున్న సమాన ప్రాతినిధ్యాన్ని తీసివేయడానికీ వీల్లేదు. అంటే చిన్న భాగస్వామి చేతిలో ఒక తాళంచెవి ఉంది. (ఆ తాళంచెవే చాలాకాలం బానిస యజమానుల కోటకు కాపలా కాసిందన్నది మరచిపోరాదు. ఏ ఏర్పాటునైనా అది ఏ వర్గం చేతిలో ఉన్నదో చూడకుండా మెచ్చుకోలేం.)

మరి ఒప్పందం లేని ఈ సమాఖ్యలో తెలుగువాళ్లు తమలో తాము రెండు ఒప్పందాలు చేసుకున్నారు. ఆ రెండింటి గతి ఏమయిందన్నదే ఈ వ్యాసానికి వస్తువు.

మొదటిది 1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు గారి ‘శ్రీబాగ్’ ఇంట్లో కుదిరింది. 1913లో బాపట్లలో ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం జరిగిన నాటినుంచీ ప్రత్యేకాంధ్ర కోరిక ప్రధానంగా సర్కారు జిల్లాల కోరికే. రాయలసీమకు అనుమానాలుండేవి. అవి ఊరికే పుట్టినవి కావు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. ఆ నీళ్లమీద రెండు మూడు తరాల్లో డెల్టాలో ఒక ధనిక రైతువర్గం, దాని వెనుక చదువులు, పత్రికలు, వకీళ్లు తయారయ్యారు. సీమలో కరువు తయారయింది. ఆ రెండూ ఒకే రాష్ట్రంలో సమాన భాగస్వాములెలా అవుతాయని సీమ అడిగింది. కొండా వెంకటప్పయ్య, పట్టాభి, కల్లూరి సుబ్బారావు ప్రభృతులు కూర్చుని రాసుకున్న కాగితం దానికి సమాధానం: రాజధాని, హైకోర్టు రెండింటిలో సీమ ఏది కోరుకుంటే అది సీమకు, తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్ల వినియోగంలో పదేళ్లపాటు, అవసరమైతే ఇంకా ఎక్కువకాలం, సీమకూ నెల్లూరుకూ మొదటి హక్కు, విశ్వవిద్యాలయానికి అనంతపురంలో ఒక కేంద్రం.

ఇది నిజంగా సమాఖ్య భావన. ఢిల్లీకీ రాష్ట్రానికీ మధ్య కాక, రాష్ట్రం లోపల. అలాంటి ఆలోచన 1937లోనే తెలుగువాళ్లకు వచ్చిందన్నది గర్వించదగ్గ విషయమే. కాని ఆ కాగితాన్ని ఎవరైనా మీరితే ఎవరి దగ్గరకు పోవాలో అందులో లేదు.

1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ప్రాణం పోయాకగాని ఢిల్లీ కదలలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. శ్రీబాగ్ మాట ప్రకారం కర్నూలు రాజధాని అయింది. ఆఫీసులు డేరాల్లో నడిచాయి. హైకోర్టు గుంటూరుకు పోయింది. మూడేళ్ల ఒక నెలకు, 1956 నవంబరు 1న, రెండూ హైదరాబాదు చేరాయి. డేరాలు ఎత్తేశారు. నీళ్లమీద మొదటి హక్కు కాగితంలోనే ఉండిపోయింది. ఆ కాగితాన్ని రద్దు చేసినట్లు ఎవరూ ప్రకటించలేదు. దాని పక్కన మరో కాగితం పెట్టారు, అంతే.

ఆ మరో కాగితమే 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందం. అంతకు ముందు ఏడాది ఫజల్ అలీ కమిషన్ తెలంగాణాను హైదరాబాదు రాష్ట్రంగా విడిగా ఉంచి, 1961 ప్రాంతపు ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో కోరుకుంటే కలపవచ్చని చెప్పింది. నా దృష్టిలో ఆ నివేదికలోకెల్లా సమాఖ్య స్వభావం గల వాక్యం అదే. చిన్న భాగస్వామికి ‘కాదు’ అనే హక్కు ఇచ్చింది. పెద్దమనుషులు ఆ హక్కును తీసుకొని బదులుగా హామీలు ఇచ్చారు: ప్రాంతీయ మండలి, తెలంగాణా మిగులు ఆదాయం తెలంగాణాకే, ఉద్యోగాలకు పన్నెండేళ్ల నివాసం, భూముల అమ్మకాలమీద మండలి అదుపు, మంత్రివర్గంలో వాటా. సంతకాలు పెట్టినవారు బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు ఒక వైపు. బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు మరొక వైపు. సాయుధపోరాటంలో నెత్తురు ధారపోసిన రైతుకూలీల తరఫున ఆ బల్ల దగ్గర ఎవరూ లేరు. పుచ్చలపల్లి సుందరయ్య 1946లోనే ‘విశాలాంధ్రలో ప్రజారాజ్యం’ అని పుస్తకం రాశారు. విశాలాంధ్ర వచ్చింది, ప్రజారాజ్యం ఆ సంతకాల జాబితాలోనే ఆగిపోయింది. సంతకం చేసిన సంజీవరెడ్డే తొలి ముఖ్యమంత్రి అయ్యారు. తొలి మంత్రివర్గంలోనే ఉపముఖ్యమంత్రి పదవి లేకుండా పోయింది. ఆయన అనంతపురం జిల్లావారన్నది కూడా గుర్తుంచుకోవాలి. చిన్న ప్రాంతం నాయకుడు పెద్ద కుర్చీలో కూర్చున్నంత మాత్రాన చిన్న ప్రాంతం కూర్చున్నట్లు కాదు.

ఇక్కడ మన సాహిత్యకారుల పాత్ర గురించి కొంచెం కటువుగా మాట్లాడక తప్పదు. ఆ దశకంలో మన కవులు, ముఖ్యంగా అభ్యుదయ కవులు, తెలుగుజాతి ఐక్యతను తల్లిగా, అన్నదమ్ముల పొత్తుగా ఊహించారు. దాశరథి ‘మహాంధ్రోదయం’ ఆ ఆవేశానికి పేరు. ఆ ఆవేశం అబద్ధమని నేననను. నిజాం పాలనలో మాతృభాష అణగిపోయిన చోట అది ఎంత నిజమో ఊహించగలం. అయితే తల్లి అన్నాక ఆమెతో పత్రం రాయించుకోవడం మర్యాద కాదనిపిస్తుంది. ఉపమానం ఒడంబడికను మింగేసింది. మన పల్లెల్లో సొంత అన్నదమ్ములే పంపకాలప్పుడు నలుగురు పెద్దల్ని కూర్చోబెట్టి, బావిలో వంతులతో సహా కాగితం రాయించుకుంటారు. ఆ మాత్రం లోకజ్ఞానం మన గేయాల్లోకి రాలేదు. అదే కాలంలో విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’లో ఎండిన పెన్నను, సీమ పేదను చూపించారు. దాన్ని కరుణరస కావ్యంగా మెచ్చుకున్నాం. శ్రీబాగ్ కాగితంతో కలిపి చదవలేదు. విశాలాంధ్రను కోరుకున్న కాళోజీ 1969లో ప్రత్యేక తెలంగాణా పక్షాన నిలబడ్డారు. దాన్ని కవి మనసు మారడమని కొందరు తేలిక చేశారు. మారినది మాట ఇచ్చినవాళ్ల మనసు.

సిద్ధాంతంలో కూడా ఇదే లోటు. స్టాలిన్ 1913లో జాతిని నిర్వచిస్తూ భాష, భూభాగం, సంస్కృతిలో వ్యక్తమయ్యే మానసిక స్వభావం అన్న వాటితోపాటు ఉమ్మడి ఆర్థిక జీవితం కూడా ఉండాలన్నాడు. మనవాళ్లు భాషను చూశారు, భూభాగాన్ని చూశారు. జాగీర్దారీ కింద నలిగిన నేలకూ ఆనకట్టల కింద పండిన నేలకూ ఉమ్మడి ఆర్థిక జీవితం ఎక్కడున్నదని అడగలేదు. ఆ ప్రశ్నను వేరే దిక్కునుంచి అడిగినవారు అంబేద్కర్. 1955లో భాషారాష్ట్రాల మీద రాసిన పుస్తకంలో ఒక రాష్ట్రానికి ఒక భాష ఉండటం వేరు, ఒక భాష వాళ్లంతా ఒకే రాష్ట్రంలో ఉండటం వేరు అని విడదీసి చెప్పారు. పెద్ద భాషారాష్ట్రంలో ఊరి పెద్దకులమే రాష్ట్రపు పెద్దకులమై కూర్చుంటుందన్నది ఆయన భయం. ఆ పుస్తకాన్ని మనం అప్పట్లో చర్చించి ఉంటే మన సాహిత్య విమర్శకు కూడా మేలు జరిగేది.

తర్వాతి కథ తెలిసిందే, ఒక్క సంగతి తప్ప. 1958లో రాష్ట్రపతి ఉత్తర్వుతో వచ్చిన తెలంగాణా ప్రాంతీయ సంఘం సిఫారసు చేయగలదు. ఖజానా తాళం దాని దగ్గర లేదు. ఉద్యోగాల హామీ కోసం 1957లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. 1969 మార్చిలో సుప్రీంకోర్టు అందులోని ముఖ్యమైన సెక్షన్‌ను కొట్టివేసింది. కారణం గమనించదగ్గది: పదహారవ అధికరణం రాష్ట్రంలో నివాసాన్ని షరతుగా పెట్టనిస్తుందే గాని, రాష్ట్రంలో ఒక భాగంలోని నివాసాన్ని పెట్టనివ్వదు. రాజ్యాంగం కళ్లకు రాష్ట్రం కనిపిస్తుంది, రాష్ట్రం లోపలి భాగస్వామి కనిపించడు. ఆ ఏడు తెలంగాణా వీధుల్లో ఎందరో కుర్రవాళ్లు తుపాకి గుళ్లకు బలయ్యారు. 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని అదే కోర్టు చెప్పాక ఈసారి కోస్తా, సీమ భగ్గుమన్నాయి. 1973లో ఆరు సూత్రాలు, దాని వెంట రాజ్యాంగంలో 371-డి అధికరణం వచ్చాయి. ప్రాంతీయ సంఘం పోయింది. ఇన్ని హామీల్లోనూ ఈనాటికీ రెండు రాష్ట్రాల్లో బతికి ఉన్నది ఆ 371-డి ఒక్కటే. మీరినప్పుడు కోర్టుకు పోవడానికి వీలున్నది కూడా దానికే. మీరలేదని కాదు, మీరారు కాబట్టే 1985లో 610 నంబరు జీవో ఇవ్వవలసి వచ్చింది.

నాలాంటి సమాఖ్యవాదికి మింగుడు పడని విషయం ఒకటి మిగిలింది. తెలంగాణా చివరకు ఏ దారిన వచ్చింది? 2014 జనవరి 30న ఉమ్మడి శాసనసభ బిల్లును తిరస్కరించింది. అయినా పార్లమెంటు మూడవ అధికరణం కింద దాన్ని చట్టం చేసింది. రాష్ట్రం లోపల మాట తప్పిన పెద్ద భాగస్వామి మెజారిటీనుంచి చిన్న భాగస్వామిని విడిపించినది, సమాఖ్యకు విరుద్ధమని మనం తిట్టే ఆ ఢిల్లీ అధికారమే. దాన్ని చూసి ఆ అధికారాన్ని మెచ్చుకుందామా అంటే, 2019 ఆగస్టులో జమ్మూ కాశ్మీర్‌ను రెండు కేంద్రపాలిత ప్రాంతాలుగా చేసినదీ అదే అధికరణం. అక్కడ శాసనసభ కూడా లేదు. రాష్ట్రపతి పాలనలో దాని బదులు పార్లమెంటే తన అభిప్రాయాన్ని తనకు తెలుపుకొన్నది. ఇంట్లో ఒడంబడికను నిలబెట్టుకోలేనివాళ్లు వీధిలో పెత్తందారును పిలుస్తారు. అతడు వచ్చాక ఏ ఇంట్లోకైనా వస్తాడు.

విభజనానంతర ఆంధ్రప్రదేశ్‌లో శ్రీబాగ్ పేరు మళ్లీ వినబడింది. 2020లో కర్నూలును న్యాయ రాజధానిగా ప్రకటిస్తూ చేసిన చట్టానికి వత్తాసుగా ఆ కాగితాన్నే బయటికి తీశారు. 2021లో ఆ చట్టాన్నే వెనక్కి తీసుకున్నారు. నీళ్ల ఊసు ఆ చట్టంలో లేదు.

విభజన సమయంలో ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా ఇస్తామని ప్రధానమంత్రి రాజ్యసభలో మాట ఇచ్చారు. ఆ మాట చట్టంలో ఎక్కలేదు. 2016లో దాని స్థానంలో ఒక ప్యాకేజీ ప్రకటించారు. ఆ మాట ఇచ్చిన తేదీ 2014 ఫిబ్రవరి 20. పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకాలు జరిగి అప్పటికి సరిగ్గా యాభై ఎనిమిదేళ్లు.